ఇమామ్ బుఖారీ జీవితంలో దుఆ

రమజాన్ ఉపవాసాల ఆదేశాలు దివ్యఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరాలో ఉన్నాయి. ఆ ఆదేశాల నడుమనే, 186వ ఆయత్‌లో, తాను దాసులకు చేరువలోనే ఉన్నానని, వేడుకునేవారి మొర ఆలకిస్తానని అల్లాహ్ తెలియజేశాడు. రోజాకూ దుఆకూ ఉన్న సంబంధం దీన్నిబట్టే తెలుస్తుంది. అయితే ఇఫ్తార్ వేళ చేతులెత్తితే సరిపోతుందా? ఎత్తిన ఆ చేతులు ఎటువంటివై ఉండాలి? ఈ ప్రశ్నకు ఇమామ్ బుఖారీ (రహ్మ) జీవితంలో చక్కని సమాధానం దొరుకుతుంది.

ఆయన పేరు ముహమ్మద్, తండ్రి పేరు ఇస్మాయీల్. హిజ్రీ 194 షవ్వాల్ 13న (క్రీ.శ. 810) బుఖారా నగరంలో జన్మించారు. ఈ నగరం నేటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. తండ్రి కూడా హదీసు విద్వాంసులే. కుమారుడు పసివాడుగా ఉండగానే కన్నుమూశారు. తాను విడిచి వెళుతున్న ఆస్తిలో అధర్మమైనది గానీ, అనుమానించదగినది గానీ ఒక్క దిర్హమ్ కూడా లేదని ఆయన చివరి ఘడియల్లో చెప్పినట్లు చరిత్రకారులు రాశారు. ఇమామ్ గారు ఆ హలాల్ సొమ్ముతో పెరిగారు.

పసితనంలోనే ఆయన చూపు పోయింది. భర్త లేని ఆ తల్లి రాత్రిళ్లు కన్నీళ్లతో అల్లాహ్‌ను వేడుకునేవారు. ఒకరాత్రి ఆమెకు కలలో హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) కనిపించి, ఆమె దుఆల కారణంగా అల్లాహ్ బిడ్డకు చూపు తిరిగి ప్రసాదించాడని చెప్పారట. తెల్లవారి చూస్తే బిడ్డకు చూపు వచ్చి ఉంది. తరువాతి కాలంలో లక్షలాది హదీసులను పరిశీలించిన కళ్లు అవే!

పదహారేళ్ల వయసులో తల్లితోనూ, సోదరుడు అహ్మద్‌తోనూ కలిసి హజ్‌కు వెళ్లారు. వారిద్దరూ తిరిగి వచ్చారు గానీ ఆయన విద్య కోసం మక్కాలోనే ఉండిపోయారు. మదీనా, బస్రా, కూఫా, బాగ్దాద్, షామ్, ఈజిప్టుల్లో ఎందరో గురువుల వద్ద హదీసులు సేకరించారు. దాదాపు 6 లక్షల ఉల్లేఖనాల నుంచి ఏరి, 16 సంవత్సరాలు శ్రమించి ‘సహీహ్ బుఖారీ’ని కూర్చారు. పునరుక్తులతో కలిపి అందులో 7 వేలకు పైగా హదీసులున్నాయి. ప్రతి హదీసు రాసేముందు గుసుల్ చేసి, రెండు రకాతుల నమాజ్ చదివేవారు. దుఆల కోసం ఆ గ్రంథంలో ఒక ప్రత్యేక భాగాన్నే కేటాయించారు.

రమజాన్ వచ్చిందంటే ఆయన దినచర్య మారిపోయేది. తరావీహ్‌లో తన సహచరులకు నాయకత్వం వహిస్తూ రకాతుకు ఇరవై ఆయత్‌ల చొప్పున చదివించేవారు. సహరీకి ముందు ఒంటరిగా నిలబడి, మూడు రాత్రులకొకసారి ఖుర్ఆన్ పూర్తి చేసేవారు. ఇదిగాక పగటిపూట రోజుకొక ఖత్మ్ చేసేవారు. అది సరిగ్గా ఇఫ్తార్ వేళకు ముగిసేది. ప్రతి ఖత్మ్ వద్దా ఒక దుఆ స్వీకరించబడుతుందని ఆయన నమ్మకం.

మదర్సాలో ఇమామ్ గారి జీవితం బోధించేటప్పుడు మేము ఒక సంఘటన దగ్గర తప్పకుండా ఆగుతాము. దుఆ చేసినా స్వీకరించబడని దుస్థితిలో ముస్లిం ఉండరాదని ఆయన ఒకసారి అన్నారు. అక్కడే ఉన్న సోదరుని భార్య, మీకు ఆ అనుభవం ఉందా అని అడిగింది. తాను రెండుసార్లు దుఆ చేయగా రెండూ నెరవేరాయని, తన పుణ్యఫలం ఇహలోకంలోనే చెల్లిపోతుందేమోనన్న భయంతో ఆ తరువాత అలా అడగడం మానుకున్నానని ఆయన జవాబిచ్చారు. ఆ వెంటనే, ముస్లింకు అబద్ధంతోనూ పిసినారితనంతోనూ ఏం పని అన్నారు. దుఆ గురించిన మాట నడవడిక దగ్గరికి ఎలా వచ్చిందో గమనించండి!

చివరి సంవత్సరాల్లో ఆయనకు పెద్ద పరీక్ష ఎదురైంది. తన భవనానికి వచ్చి గ్రంథం వినిపించమని బుఖారా పాలకుడు ఖాలిద్ బిన్ అహ్మద్ కబురు పంపాడు. విద్యను పాలకుల గుమ్మాల చుట్టూ తిప్పనని ఇమామ్ గారు నిరాకరించారు. తన పిల్లలకు ప్రత్యేకంగా చెప్పమంటే, కొందరికే పరిమితం చేయలేనన్నారు. ఫలితంగా సొంత ఊరే విడవాల్సి వచ్చింది. సమర్‌ఖంద్ సమీపంలోని ఖర్తంక్ గ్రామంలో బంధువుల ఇంట తలదాచుకున్నారు. అక్కడ ఒకరాత్రి నమాజ్ ముగించి, ఇంత విశాలమైన భూమి తనకు ఇరుకైపోయిందని, ఇక తనను నీ దగ్గరికి తీసుకోమని అల్లాహ్‌ను వేడుకున్నారు. కష్టాలకు తాళలేక చావు కోరుకోవడాన్ని ప్రవక్త (స) వారించారు. అయితే ధర్మానికే ముప్పు వాటిల్లుతుందన్న భయం కలిగినప్పుడు అలా వేడుకోవచ్చని ఉలమాలు వివరించారు.

నెల తిరగకుండానే ఆ దుఆ నెరవేరింది. హిజ్రీ 256 (క్రీ.శ. 870), రమజాన్ ముగిసి ఈద్ రాత్రి ప్రవేశించింది. ఇషా వేళ ఆయన తుదిశ్వాస విడిచారు. ఈదుల్ ఫిత్ర్ నాడు జుహ్ర్ తర్వాత ఖననం జరిగింది.

ప్రతి ఏటా రమజాన్‌కు ముందు మన మదర్సాల్లో ఖత్మె బుఖారీ జరుగుతుంది. చివరి హదీసు చదివాక అందరూ చేతులెత్తి దుఆ చేస్తారు. మంచిదే. కానీ ఇంటికొచ్చాక మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి. తూకంలో మోసం ఉందా? అక్కచెల్లెళ్ల వారసత్వ వాటా మన దగ్గరే ఉండిపోయిందా? జోడే కీ రఖమ్ పేరుతో ఆడపిల్ల తండ్రిని పిండిన సొమ్ము ఇంట్లో ఉందా? ఉంటే, ఈ నెలలోనే తిరిగి ఇచ్చేయాలి. ఇఫ్తార్‌కు పది నిమిషాల ముందే వంటింటి పని ముగించి, తల్లులతో సహా అందరూ దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని, శ్రద్ధగా వేడుకోవాలి. ఒక తల్లి కన్నీటిని ఆలకించిన అల్లాహ్ మన మొరనూ ఆలకిస్తాడు.

దుఆకు తగిన చేతులను, ధర్మబద్ధమైన సంపాదనను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.