వెలివాడను నమోదు చేసిన చైనా భిక్షువు

అంటరానితనం ముస్లిం పాలకులతో వచ్చిందని, కులాన్ని బ్రిటిష్ వాళ్లు సృష్టించారని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లిద్దరికంటే ముందే ఈ నేల మీద తిరిగి, చూసింది రాసిపెట్టిన సాక్షి ఒకరున్నారు. ఆయన టాంగ్ వంశ కాలపు బౌద్ధ భిక్షువు హ్యూయన్‌త్సాంగ్.

602 ప్రాంతంలో చైనాలోని లోయాంగ్ దగ్గర పుట్టాడు. అన్న వెంట చిన్నతనంలోనే బౌద్ధారామంలో చేరాడు. చైనా భాషలో ఉన్న బౌద్ధ గ్రంథాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం ఆయన్ని వేధించింది. మూల గ్రంథాలే చదవాలనుకున్నాడు. దేశం దాటడానికి అనుమతి దొరకలేదు. అయినా రాజాజ్ఞను కాదని 629 ప్రాంతంలో రహస్యంగా బయలుదేరాడు. ఎడారిలో నీళ్ల తిత్తి చేజారి, దాహంతో చావు అంచుదాకా వెళ్లాడు.

నలందలో శీలభద్రుడి దగ్గర ఏళ్ల తరబడి చదువుకున్నాడు. హర్షుడి ఆదరణ పొందాడు. మన ధాన్యకటకానికీ వచ్చాడు. అప్పటికే అక్కడి ఆరామాలు చాలావరకు పాడుబడి ఉన్నాయి. అయినా కొన్ని నెలలు ఉండి, ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం నేర్చుకున్నాడు.

645లో 657 గ్రంథాలతో చాంగాన్ చేరాడు. సన్యాసం వదిలి కొలువులో చేరమని చక్రవర్తి టైజాంగ్ అడిగితే ఒప్పుకోలేదు. 664లో చనిపోయేదాకా అనువాదాలే చేశాడు. 646లో తన యాత్రా వివరాలను గ్రంథంగా చక్రవర్తికి సమర్పించాడు.

మనకు ముఖ్యమైన మాట ఆ గ్రంథంలోనే ఉంది. నాలుగు వర్ణాలను, కులం దాటని పెళ్లిళ్లను వర్ణించిన ఆయన మరికొందరి గురించీ రాశాడు. కసాయివాళ్లు, చేపలు పట్టేవాళ్లు, ఆటపాటలతో బతికేవాళ్లు, తలారులు, పాకీ పనివాళ్లు ఊరి బయటే ఉండాలి. వాళ్ల ఇళ్లకు గుర్తు ఉండాలి. వీధిలో ఎడమ పక్కకు ఒదిగి నడవాలి.

గురువుల పేర్లు, రాజుల పేర్లు శ్రద్ధగా రాసిన ఆయన, ఈ మనుషుల్లో ఒక్కరి పేరూ రాయలేదు. కోపమూ చూపలేదు. ఆయన వచ్చింది గ్రంథాల కోసం. బస చేసింది ఆరామాల్లో, అతిథిగా ఉన్నది రాజుల దగ్గర. ఊరి బయటి మనుషుల మాట ఆయన గ్రంథంలో వినిపించదు.

అయినా ఆ కొద్ది వాక్యాలకు విలువ ఉంది. అంబేద్కర్ 1948లో అచ్చయిన అంటరానివారి చరిత్ర గ్రంథంలో, ఫాహియాన్ రాతలతో, బాణుడి కాదంబరితో పాటు దీన్నీ పరిశీలించారు. అంటరానితనం క్రీ.శ. 400 ప్రాంతంలో పుట్టిందన్న నిర్ధారణకు వచ్చారు. హ్యూయన్‌త్సాంగ్ చెప్పకుండా వదిలేసిన ప్రశ్నను, అంటే వాళ్లెవరు, ఊరి బయటికి ఎందుకు నెట్టబడ్డారు అన్నదాన్ని, ఆ వాడల నుంచి వచ్చిన అంబేద్కరే అడిగారు. ఆ చరిత్రను ఇంకా తవ్వాల్సిన పని ఈనాటి మన విద్యార్థులది.