రహీం సాహెబు నేర్పిన వ్యూహము

వెనుకకు తగ్గి ఆడు జట్టును పిఱికిజట్టని నిందించుట ప్రేక్షకులకు పరిపాటి. మేమీ నిందను అంగీకరింపము. బలవంతునితో తలపడువాడు ముందుగా తన యిల్లు కాచుకొని, ఎదిరి తన వాకిలి విడిచి దుమికినపుడు ఆ వాకిటనే చొరబడుట వివేకమేగాని భీరుత్వము గాదు. ఇట్టి ఆటకు వలసిన క్రమశిక్షణమును భారత ఫుట్‌బాల్ జట్టునకు అలవరచినవాడు హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం.

ఆయన 1909 ఆగస్టు 17న జన్మించెను. నేటి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమలు గూడ నాడు అదే నిజాము రాజ్యములోనివి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, అచటి జట్టున ఆడి, పిదప ఉపాధ్యాయుడయ్యెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై కడవఱకు ఆ పదవియందే యుండెను. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదుమార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. బంతిని తన కాలియొద్దనే అట్టిపెట్టుకొని నేర్పు ప్రదర్శించువాడు ఆయనకు రుచింపడు. తోడివానికి వెంటనే అందింపవలెను. పంతులు గదా, అభ్యాసమునకే పెద్దపీట!

1951లో ఢిల్లీ ఆసియా క్రీడలందు ఇరానును 1-0తో ఓడించి స్వర్ణపతకము గెలిచిన మన జట్టు, మఱుసటి యేడు హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యెను. మనవారు పెక్కుమంది వట్టికాళ్లతో ఆడిరి. అటుపిమ్మట బూట్లు తప్పనిసరియయ్యెను. ఆ పోటీలలోనే విజేతయైన హంగేరీ 1953లో ఇంగ్లండును దాని స్వస్థలమగు వెంబ్లీలోనే 6-3తో ఓడించినది. ముందువరుస మధ్యవానిని వెనుకకు దింపి ఎదిరి రక్షకులను తికమకపెట్టు ఆ పద్ధతిని రహీం శ్రద్ధగా పరిశీలించి మనవారికి నేర్పెను.

ఫలితము 1956లో మెల్‌బోర్నులో కానవచ్చెను. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు చేయగా ఆస్ట్రేలియా 4-2తో ఓడినది. సెమీఫైనలున మరల యుగోస్లావియాయే ఎదురయ్యెను. నాలుగేండ్ల క్రిందట పది గోళ్లు చేసినవారిని మనవారు సగము ఆట ముగియువఱకు ఒక్క గోలైన చేయనీయలేదు. పైగా విరామానంతరము మొదటి గోలు మనదే. తుదకు 4-1తో ఓడితిమి, నిజమే. కాని ఆ మొదటి సగమే రహీం చేసిన పనికి సాక్ష్యమని మా తలంపు. 1960లో రోమునందును మన జట్టు ఫ్రాన్సుతో 1-1తో సరిసమానముగ నిలిచినది. హంగేరీకి 2-1తో మాత్రమే లొంగినది. ఆ గోలు చేసినవాడు సికింద్రాబాదు ప్రాంతపు తులసీదాసు బలరాం.

1962 జకార్తా సంగతి వేఱు. అప్పటికే రహీంను ఊపిరితిత్తుల క్యాన్సరు పట్టి పీడించుచుండెను. తొలి పోటీలో దక్షిణకొరియా మనలను 2-0తో ఓడించినది. ఇజ్రాయేలు, తైవానులను క్రీడలకు రానీయకపోవుటపై చెలరేగిన వివాదము వలన అచటి జనులు మనయెడ ఆగ్రహించియుండిరి. రక్షకుడగు జర్నైల్ సింగునకు తలపై గాయమయ్యెను. కుట్లు పడిన తలతో రక్షణస్థానమున నిలువలేనివానిని రహీం ఇంటికి పంపలేదు, ముందువరుసకు పంపెను! సెప్టెంబరు 4న అదే కొరియాతో తుదిపోటీ. తొలి ఇరువది నిమిషములలో పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి గోళ్లు చేసిరి. ఆపై మిగిలిన కాలమంతయు కాపుగడియే. కొరియా కడపట ఒక్క గోలు మాత్రము చేయగలిగెను. 2-1తో స్వర్ణపతకము మనదయ్యెను.

ఈ గెలుపు అదృష్టమని కొందఱనవచ్చును. రక్షకునిచే గోలు చేయించుట అదృష్టముగాని, రెండు గోళ్లను గంటకు పైగా కాచుకొనుట అదృష్టము గాదు.

1963 జూన్ 11న రహీం కన్నుమూసెను. 2024లో ఆయన చరిత్ర మైదాన్ అను హిందీ చలనచిత్రమైనది. మన జట్టు 1960 తరువాత ఒలింపిక్ పోటీలలో ఆడలేదు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణము మనకు జకార్తా తరువాత మరల దక్కలేదు.