ఒక్క మంచంతో మొదలు: డాక్టర్ ఐడా స్కడ్డర్ జీవితం మనకు నేర్పేది

మన సంఘాలలో ఈ మధ్య తరచుగా వినిపించే ప్రశ్న ఒకటుంది. స్త్రీల సమాజం కుట్టు శిక్షణ నడుపుతోంది, యౌవనులు సాయంత్రం పూట పిల్లలకు చదువు చెబుతున్నారు, దిక్కులేని వృద్ధులకు ఒక పూట భోజనం పెడుతున్నాం. వీటికి గ్రాంటు ఎక్కడ దొరుకుతుంది? ప్రశ్న సరైనదే. అడగడం అవిశ్వాసం కాదు. యెరూషలేము గోడ కట్టాలని భారం కలిగిన నెహెమ్యా ప్రార్థన చేసి ఊరుకోలేదు. రాజు ఎదుట నిలబడి సెలవు అడిగాడు, దారిలోని అధికారులకు తాకీదులు అడిగాడు, కలప కోసం ప్రత్యేకంగా మరో ఉత్తరం అడిగాడు. అయితే ఎవరిని అడగాలన్న దానికంటే ముందు తేల్చుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిని ఒక జీవితంలో చూద్దాం. ఆపద వచ్చినప్పుడు ఎన్నో తెలుగు కుటుంబాలు రైలెక్కి వెళ్లే వేలూరు ఆసుపత్రిని స్థాపించిన డాక్టర్ ఐడా స్కడ్డర్ గారి జీవితం అది.

ఐడా గారు 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టారు. తాత జాన్ స్కడ్డర్ అమెరికా నుంచి వచ్చిన తొలి వైద్య మిషనరీలలో ఒకరు. తండ్రి కూడా వైద్యుడే. వారు పనిచేసిన ఆర్కాటు మిషన్‌లో మన మదనపల్లె కూడా ఒక కేంద్రం. పసితనంలోనే 1876-78 నాటి గొప్ప కరువును చూసిన ఐడా, ఈ దేశంలో మిషనరీగా బ్రతకకూడదని నిశ్చయించుకొని అమెరికాలో చదువుకొన్నారు. తల్లికి జబ్బు చేసిందని 1890లో తిండివనం వచ్చారు. అక్కడ ఒకే రాత్రి ముగ్గురు మనుషులు ఒకరి తరువాత ఒకరు వచ్చి తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, మరొకరు వేరే కులపు హిందువు. ముగ్గురి భార్యలూ ప్రసవ వేదనలో ఉన్నారు. మగ డాక్టరును ఆ ఇళ్లలోకి రానివ్వరు. ఐడా రావచ్చు గాని ఆమెకు వైద్యం తెలియదు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆ ఉదయమే ఆమె డాక్టరు కావాలని తీర్మానించుకొన్నారు.

1899లో కోర్నెల్ వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకొన్నారు. ఓడ ఎక్కే ముందు, వేలూరులో స్త్రీల కోసం ఒక ఆసుపత్రికి డబ్బు సేకరించే బాధ్యత ఆమె మీద పడింది. చూపించడానికి ఆమె దగ్గర ఒక్క గోడ లేదు, నయమైన ఒక్క రోగి లేడు. అయినా ఆమె అడిగినదానిలో మసక లేదు. ఏ ఊరు, ఎవరి కోసం, ఎందుకు అన్న మూడు ప్రశ్నలకూ ఆమె దగ్గర జవాబుంది. న్యూయార్క్ బ్యాంకరు షెల్ గారు చనిపోయిన తన భార్య మేరీ టేబర్ షెల్ జ్ఞాపకార్థం 10,000 డాలర్లు ఇచ్చారు.

డబ్బు దొరికింది గాని భవనం లేవడానికి సమయం పడుతుంది. 1900లో వేలూరు చేరిన కొద్ది నెలలకే తండ్రి కన్నుమూశారు. అనుభవం గల తోడు పోయింది. ఐడా గారు మాత్రం ఆసుపత్రి తెరిచే దాకా ఆగలేదు. ఉంటున్న బంగళాలోనే ఒక చిన్న గదిలో, ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టారు. రెండేళ్లలో 5,000 మంది రోగులను చూశారు. 1902లో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తలుపులు తెరిచేనాటికి ఆమెను నమ్మిన జనం అప్పటికే ఆ ఊళ్లో ఉన్నారు. 1909లో నర్సుల శిక్షణ మొదలైంది. పల్లెల నుంచి రాలేనివారి కోసం ఆమే బండి కట్టుకొని గుడియాత్తం దారిలో చెట్ల కింద ఆగి మందులిచ్చేవారు.

ఒక్క డాక్టరు ఎన్ని వేలమందిని చూడగలదు? మన దేశపు స్త్రీలనే డాక్టర్లుగా తయారు చేయాలన్నది ఆమె తరువాతి భారం. 1918లో వైద్య పాఠశాల మొదలైంది. స్త్రీలు చదవడానికి వస్తారా అని పెద్దలు సందేహించిన చోట మొదటి ఏడాదే 151 దరఖాస్తులు వచ్చాయి. మొదటి తరగతిలో 14 మంది 1922లో పట్టాతో బయటకు వచ్చారు.

సరిగ్గా ఆ రోజులలోనే పెద్ద గ్రాంటు ఒకటి ఎదురైంది. జాన్ డి. రాక్‌ఫెల్లర్ తన భార్య పేర నెలకొల్పిన లారా స్పెల్మన్ రాక్‌ఫెల్లర్ మెమోరియల్ అనే నిధి, ఆసియాలోని ఏడు స్త్రీల క్రైస్తవ కళాశాలలకు పది లక్షల డాలర్లు ఇస్తామంది. వాటిలో వేలూరు ఒకటి. కాని షరతు ఉంది. అమెరికా సంఘాల స్త్రీలు ముందు ఇరవై లక్షలు కూడబెట్టాలి. గడువు 1923 జనవరి 1. అంటే రెండు రూపాయలు మీరు తెస్తే, మూడోది మేము ఇస్తామన్నట్టు. లూసీ పీబడీ గారు ఆ ఉద్యమానికి నాయకత్వం వహించారు. ఐడా గారు అమెరికాలో ఊరూరా తిరిగి వేలూరు సంగతులు చెప్పారు. స్త్రీల సమాజాలు ఒక్కొక్క డాలరుగా పోగుచేశాయి. గడువులోగా షరతు నెరవేరింది.

ఈ షరతును మనం చిన్నచూపు చూడకూడదు. ధనవంతుని సొమ్ము ఒక్కటే వచ్చి ఉంటే భవనాలు లేచేవి, అంతే. ఇరవై లక్షలు చిన్న చేతుల నుంచి రావాలనడం వల్ల ఆ భవనాలకు వేలాది మంది ప్రార్థించేవారు, ఏడాదికేడాది జ్ఞాపకం ఉంచుకొనేవారు తోడయ్యారు. మన సంఘాలలో స్త్రీలు పూటపూటకూ తీసిపెట్టే గుప్పెడు బియ్యం చేసే పని ఇదే. పేద విధవరాలి రెండు కాసులు ప్రభువు కంట పడ్డాయి. పెద్ద దాతల కంట పడేదీ చాలాసార్లు అవే. సొంత సంఘమే ఒక్క రూపాయి వేయని పనిని పరాయివారు ఎందుకు నమ్ముతారు?

షరతులకు మరో ముఖం కూడా ఉంది. ఐడా గారికి అది పెద్ద వయసులో ఎదురైంది. 1938 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం పాత లైసెన్షియేట్ కోర్సులు ఆపి, వైద్య విద్యను విశ్వవిద్యాలయ డిగ్రీ స్థాయికి పెంచాలని నిర్ణయించింది. అందుకు మరిన్ని పడకలు, మరింతమంది ఆచార్యులు, ఎంతో డబ్బు కావాలి. లేదంటే పాఠశాల మూతపడుతుంది. పురుషులను కూడా చేర్చుకొంటే అనేక మిషన్లు చేయి కలుపుతాయి. కాని స్త్రీలు స్త్రీల కోసమని ఇచ్చిన సొమ్ముతో నిలిచిన సంస్థ అది. ఒకప్పుడు నిధి కోసం భుజం కలిపిన పీబడీ గారే ఈ మార్పును గట్టిగా ఎదిరించారు. ఆమె మాటలో న్యాయం లేకపోలేదు; దాత ఉద్దేశాన్ని పక్కన పెట్టడం చిన్న సంగతి కాదు. ఐడా గారు ఎంతో మథనపడి, స్త్రీల వైద్య విద్య బ్రతకాలంటే ఇదే దారి అని ఒప్పుకొన్నారు. దానికి వెల పాత స్నేహాలలో చెల్లించారు. డెబ్బై ఏళ్ల వయసులో, 1941లో మళ్లీ అమెరికా వెళ్లి, యుద్ధకాలమంతా అక్కడే ఉండి విరాళాలు సేకరించారు. 1942లో డిగ్రీ తరగతి మొదలైంది, 1947లో పురుషులకు ప్రవేశం దొరికింది. కాలక్రమంలో 40 మిషన్లు ఆ సంస్థకు అండగా నిలిచాయి.

ఇందులో మన చిన్న సంఘాలకు పాఠముంది. గ్రాంటు పత్రం మీద సంతకం చేసే ముందు, ఈ షరతు పదేళ్ల తరువాత మన పనిని నిలబెడుతుందా, కట్టిపడేస్తుందా అని కమిటీ అంతా కూర్చొని చదవాలి. గోపురం కట్టేవాడు ముందుగా కూర్చొని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పింది ఇటువంటి వేళలకు కూడా.

నేటి చట్టాలు కూడా పని ముందు, నిధి తరువాత అనే అంటున్నాయి. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు ఒక సొసైటీకో ట్రస్టుకో రావాలంటే నమోదు, ఆదాయపు పన్ను చట్టం కింద గుర్తింపు, అటువంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం, సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. విదేశీ విరాళాల నమోదు కావాలన్నా మూడేళ్ల ఉనికి, ఆ కాలంలో కనీసం 15 లక్షల రూపాయల సేవా ఖర్చు చూపాలి. ఆ సొమ్ము రావలసింది న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే. ఒక సంస్థ తెచ్చుకొన్న విదేశీ నిధిని మరో సంస్థకు మళ్లించడాన్ని 2020 సవరణ నిషేధించింది. కాబట్టి ఎవరో పెద్ద సంస్థ తమ ఖాతా ద్వారా ఇప్పిస్తామంటే సంఘ పెద్దలు ఆగి ఆలోచించాలి. ఇవేవీ లేని చిన్న గుంపులు నిరుత్సాహపడనక్కరలేదు. ఈ వారమే ఒక నోటు పుస్తకం తెరిచి, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎవరికి మేలు జరిగింది అని తేదీలతో రాయండి. రసీదులు దాచండి. ఏడాదికొకసారి ఆ లెక్కను సంఘం ఎదుట చదవండి. మూడేళ్లకు అదే మీ దరఖాస్తు.

ఐడా గారు 1946లో బాధ్యతల నుంచి తప్పుకొన్నారు. కొద్దికాలానికే ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టర్ అయినది మన విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్ గారు. 1960 మే నెలలో కొడైకెనాల్‌లో ఐడా గారు ప్రభువునందు నిద్రించేనాటికి, ఒక్క మంచం ఉన్న చోట పెద్ద ఆసుపత్రి, వైద్య కళాశాల నిలిచాయి.

మన సంఘాలలో కూడా ఎక్కడో ఒక మంచం, ఒక కుట్టుమిషను, ఒక నల్లబల్ల ఉన్నాయి. గ్రాంటు కోసం ఎదురుచూస్తూ వాటిని ఖాళీగా ఉంచకండి. ఉన్నదానితో మొదలుపెట్టి, లెక్క శుద్ధిగా ఉంచి, సిగ్గుపడక అడగండి. ఇచ్చే మనసులను కదిలించేది దేవుడే.