కీర్తిశేషులు గూడవల్లి రామబ్రహ్మముగారు

లోకమున మిక్కిలి గొప్ప చలనచిత్రము లెవ్వి, అవి యేల చూడదగినవి యను ప్రసంగము నేడు మన యువజనులలో తరచుగ వినబడుచున్నది. కొందఱు రష్యాదేశపు చిత్రములను, కొందఱు అమెరికావారి చిత్రములను, మఱికొందఱు వంగదేశీయులగు సత్యజిత్ రాయిగారి చిత్రములను పేర్కొందురు. అవి యన్నియు చూడదగినవియే. అయినను మన భాషలో మన యూరి కథను చెప్పి, మనకే చేదుగనుండు సత్యమును మన కన్నులయెదుట నిలిపిన చిత్రముల నెఱుగక పరదేశములవానినే కొనియాడుట, పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెతను నిజము చేయుటయే యగును. కావున నీ వార్షిక సంచికయందు మేము తెలుగు చలనచిత్రమునకు ధైర్యమును నేర్పిన గూడవల్లి రామబ్రహ్మముగారి జీవితమును మా సంఘీయులకును, మా సంఘపోషకులగు మహాశయులకును సంగ్రహముగ నివేదింప దలంచితిమి.

రామబ్రహ్మముగారు 1902 వ సంవత్సరము జూలై నెల 28 వ తేదీన కృష్ణామండలమందలి నందమూరు గ్రామమున జన్మించిరి. వారికి పదునెనిమిదేండ్ల ప్రాయము వచ్చునప్పటికి సహాయనిరాకరణోద్యమము దేశము నెల్ల నావరించెను. ఆ దినములలో గాంధీమహాత్ముని మాట చెవి సోకని తెలుగు యువకుడు లేడు. అస్పృశ్యతానివారణము, ఖద్దరు, గ్రామోద్ధరణము అను మాటలు పల్లెపల్లెకును ప్రాకినవి. రామబ్రహ్మముగారి మనస్సు పక్వమైన కాల మిదియే. తరువాత వారు పత్రికారంగమున ప్రవేశించి, మదరాసునందు ప్రజామిత్ర యను పత్రికకు సంపాదకులై సంఘసంస్కారభావములను ప్రచారము చేసిరి. వారు మొదట పత్రికా రచయితలు, పిమ్మట చిత్రదర్శకులు. వారి చిత్రములను గ్రహింపగోరువా రీ వరుసను మఱవరాదు. పత్రిక చదువ నేర్చినవారికి మాత్రమే యందును. చలనచిత్రమో, అక్షరజ్ఞానము లేని కూలివానికిని, గడప దాటని యిల్లాలికిని గూడ నందును. తాను వ్రాయదలచినదానిని తెరమీద వ్రాయుటకే వారు చిత్రరంగమున కాలిడిరని మా యభిప్రాయము.

ఆనాటి తెలుగు చిత్రముల స్థితిని కొంత చెప్పవలసియున్నది. హెచ్. ఎం. రెడ్డిగారి దర్శకత్వమున 1932 లో భక్తప్రహ్లాద వెలువడి తెలుగువారికి మొదటి మాటలాడు చిత్రమయ్యెను. ఆ పిమ్మట కొన్నియేండ్లవఱకు వచ్చినవానిలో పెక్కు పురాణకథలే. కారణము స్పష్టము. ప్రజలకు నాటకశాలలందు పౌరాణికపద్యములు వినుట యలవాటు. కథ ముందే తెలిసినది. నటులు నాటకములనుండి వచ్చినవారు. పెట్టుబడి పెట్టువారికి నష్టభయము తక్కువ. 1936 లో ప్రేమవిజయము, 1938 లో గృహలక్ష్మి వంటి సాంఘికచిత్రములు కొన్ని వచ్చినను, ఊరినడుమ నున్న కులభేదమును పేరుపెట్టి తెరమీద చూపిన తెలుగుచిత్రము పెద్దయెత్తున నంతకుముందు రాలేదు.

ఆ కొఱతను తీర్చినది 1938 వ సంవత్సరము సెప్టెంబరు 25 వ తేదీన విడుదలయైన మాలపిల్ల. దీనిని నిర్మించినది సారథి ఫిలిమ్స్ సంస్థ. ఆ సంస్థకు ప్రధానపోషకులు చల్లపల్లి సంస్థానాధీశులగు యార్లగడ్డ శివరామప్రసాదుగారు. కథ గుడిపాటి వెంకటచలముగారిది. సంభాషణములు తాపీ ధర్మారావుగారివి. అప్పటికే దివంగతులైన బసవరాజు అప్పారావుగారి గీతములును ఇందు చేరినవి. సంగీతమును భీమవరపు నరసింహారావుగారు కూర్చిరి. కాంచనమాల, గాలి వెంకటేశ్వరరావు, గోవిందరాజుల సుబ్బారావు మొదలగువారు నటించిరి.

కథాసంగ్రహ మిది. ఒక గ్రామమున సుందరరామశాస్త్రి యను ఆచారపరాయణుడు దేవాలయమునకు పెద్దయై, నాడు హరిజనులని పిలువబడినవారు గుడి చొచ్చుటకు అడ్డుపడుచుండును. గాంధీమార్గమున నడచు చౌదరయ్య హరిజనులపక్షమున నిలిచి, వారిని ఆవేశపడనీయక నడిపించుచుండును. ఇట్లుండ శాస్త్రికుమారుడు నాగరాజు, మాలపల్లెలోని శంపాలతయను బాలికను ప్రేమించును. ఊరు ఆ ప్రేమను సహింపదు. వారు కలకత్తాకు వెడలిపోవుదురు. ఇంతలో శాస్త్రిభార్య అగ్నిప్రమాదమున చిక్కుకొనగా, అంటరానివాడని యెంచబడినవాడే ఆమెను కాపాడును. దానితో శాస్త్రిమనస్సు మారును, గుడితలుపులు తెఱవబడును, వివాహమును అంగీకరింపబడును.

ఈ చిత్ర మేల చూడదగినది? మొదటి కారణము కాలము. తిరువాన్కూరు సంస్థానమున ఆలయప్రవేశప్రకటనము 1936 లో వెలువడెను. మదరాసు రాష్ట్రమున మధుర మీనాక్షీదేవాలయమున హరిజనులు ప్రవేశించుటయు, తత్సంబంధమగు శాసనము వచ్చుటయు 1939 నాటి మాటలు. మాలపిల్ల 1938 నాటిది. అనగా శాసనసభలో చట్టము రాకమునుపే తెలుగుతెరపై గుడితలుపులు తెఱవబడినవి. జరిగినదానిని పొగడుట సులభము, జరుగవలసినదానిని ముందుగ చూపుట కష్టము. రెండవ కారణము భాష. పాత్రలు గ్రాంథికమున ప్రసంగింపక, ఇంట మనము మాటలాడునట్లే మాటలాడుదురు. మేమీ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుచున్నను, ఆ చిత్రమున వాడుకభాషయే బలమైనదని యొప్పుకొనక తప్పదు. పల్లెవాని దుఃఖము పల్లెవాని మాటలోనే వినవలెను. మూడవ కారణము పేరు. ఊరిబయట నుంచబడిన కులము పేరు చిత్రమునకు పేరై, పట్టణములలో గోడలకెక్కెను. పలుకుటకే వెనుదీయువా రా పేరును పలికి టిక్కెట్టు కొనవలసివచ్చెను.

గొప్పదనము చెప్పునపుడు కొఱతను దాచుట విమర్శకాదు. శాస్త్రిమనస్సు మారుటకు తన భార్యప్రాణము నొకడు కాపాడవలసివచ్చెను. ఎవరి ప్రాణమును కాపాడకున్నను మనుష్యుడు మనుష్యుడే కదా! గుడి చొచ్చుటకు వెల యేల చెల్లింపవలెను? నేటి ప్రేక్షకు డీ ప్రశ్న నడుగకుండ నుండలేడు, అడుగవలెను కూడ. చలమువంటి తీవ్రభావుకుని కథయైనను, సామాన్యప్రజలను తనవెంట నడిపించుకొనవలసిన దర్శకుడు కొంత మెత్తని త్రోవను పట్టెనని మేము తలంతుము. కాని యా త్రోవనైనను మొదట త్రొక్కినవాని ఋణము తీఱునది కాదు.

మరుసటియేట, అనగా 1939 లో, రామబ్రహ్మముగారు అదే సంస్థతరఫున రైతుబిడ్డ నిర్మించిరి. ఆనాటి రాజకీయస్థితిని ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 1937 నాటి యెన్నికలలో కాంగ్రెసు గెలిచి, బొబ్బిలిరాజావంటి మహాజమీందారు వి. వి. గిరిగారిచేతిలో నోడిపోయిరి. టంగుటూరి ప్రకాశము పంతులుగారి యధ్యక్షతను జమీందారీ రైతుల కష్టములను విచారించు సంఘము నియమింపబడెను. 1937-38 సంవత్సరములలో రైతులు ఇచ్ఛాపురమునుండి మదరాసువఱకు కాలినడకన యాత్ర సాగించిరి. ఈ వేడి చల్లారకమునుపే రైతుబిడ్డ తెరకెక్కెను.

నర్సిరెడ్డి యను చిన్నరైతు షావుకారువద్ద అప్పుపడియుండును. ఎన్నికలు వచ్చును. జమీందారుపక్షమునకు ఓటువేసినచో అప్పుబాధ తొలగునని ఆశపెట్టుదురు. అతడు తన మనస్సాక్షి చెప్పినట్లు రైతుపక్షమునకే ఓటు వేయును. పిమ్మట షావుకారు, జమీందారుని యుద్యోగులు, పోలీసువారు ఏకమై అతనిని బాధింతురు. ఈ నర్సిరెడ్డిపాత్రను ధరించినవారు ఆంధ్రనాటకరంగమున అగ్రగణ్యులును, వృత్తిచే న్యాయవాదులునైన బళ్లారి రాఘవగారు. త్రిపురనేని గోపీచందుగారి రచన, కొసరాజు రాఘవయ్యచౌదరిగారి జానపదరీతి గీతములు, టంగుటూరి సూర్యకుమారిగారి గానము ఆ చిత్రమునకు వన్నె తెచ్చినవి. గోపీచందుగారికిని, కొసరాజుగారికిని చిత్రరంగప్రవేశ మీ చిత్రముతోనే కలిగినది.

ఓటు అనునది కాగితపుముక్కయా, లేక మనుష్యుని మానమా యని యడుగు చిత్ర మిది. ఆనాడు అందఱికిని ఓటుహక్కు లేదు. పన్ను చెల్లించువారు మొదలగు కొలదిమందికే ఆ హక్కుండెను. అట్టి రోజులలో ఒక ఋణగ్రస్తుడగు రైతు తన ఓటును అమ్ముకొననని నిలుచుట యెంత సాహసమో యోచింపుడు. నేడు పందొమ్మిదవయేట అడుగిడిన ప్రతి స్త్రీపురుషునకును ఆ హక్కు కలదు. కాని ఓటునకు వెల కట్టువారును, ఆ వెలను పుచ్చుకొనువారును నేటికిని లేకపోలేదు. కావున నర్సిరెడ్డికథ పాతబడలేదు. జమీందారులు ఈ చిత్రముపై కోపించి ప్రతిఘటించిరి. ప్రదర్శనములకు ఆటంకములు కలిగినవి. మదరాసు శాసనసభ జమీందారీ రద్దు చట్టమును చేసినది 1948 లో. ఇచ్చటను చిత్రము చట్టమునకు ముందే నడచినది.

మా పోషకమహాశయులు ముఖ్యముగ గమనింపవలసిన విషయ మొకటి కలదు. జమీందారీపద్ధతిని తెరమీద నెండగట్టిన చిత్రమునకు ధనమిచ్చిన సంస్థకు పోషకుడు తానే యొక జమీందారు! శివరామప్రసాదుగారి సంస్థానమందును భూములకై తరువాతికాలమున రైతుకూలీల పోరాటములు జరిగినవి. ఆ చరిత్రను మేము కప్పిపుచ్చము. అయినను తన కూర్చున్న కొమ్మనే ప్రశ్నించు కళాకారునిచేతిలో ధనముంచి, అతని చేయి పట్టుకొనకుండుట సామాన్యమైన యౌదార్యము కాదు. తనను పొగడువానిని పోషించినవారు కోకొల్లలు. తనను ప్రశ్నించువానిని పోషించినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. అట్టి దాత లేనిచో రామబ్రహ్మముగారి ధైర్యము కాగితముమీదనే మిగిలియుండెడిది.

అనంతరము వారు 1940 లో ఇల్లాలు, 1941 లో అపవాదు, 1942 లో పత్ని, 1943 లో పంతులమ్మ, 1945 లో మాయాలోకము అను చిత్రములకు దర్శకత్వము వహించిరి. పత్ని అరవదేశపు కణ్ణగికథ. అందు ఋష్యేంద్రమణిగారు కణ్ణగిగను, కె. యస్. ప్రకాశరావుగారు కోవలునిగను నటించిరి. పంతులమ్మలో లక్ష్మీరాజ్యముగారు నాయిక. మాయాలోకము జానపదకథ. అందు అక్కినేని నాగేశ్వరరావుగారు తమ తొలిదినములలో నటించిరి. ఇవి యుద్ధకాలపు చిత్రములు. 1942 లో జపానువారి బాంబులకు భయపడి మదరాసుజనులు ఊళ్లకు తరలిపోయిరి. ముడిఫిలిము కొఱతవలన చిత్రముల నిడివిని 11,000 అడుగులకు మించనీయక ప్రభుత్వము కట్టడి చేసెను. ఈ చిత్రములలో తొలి రెండింటి పదును కానరాదని చెప్పుట వారిని తగ్గించుట కాదు. కాలము అనుకూలింపనపుడు కూడ పనిని మానక చేయుట గొప్పగుణము.

వారు తుదిగ చేపట్టినది పల్నాటియుద్ధము. ఇది కేవలము కోడిపందెములకథయో, దాయాదుల కలహమో కాదు. కులభేదము లేక అందఱును ఒక్కచాపపై కూర్చుండి భుజించు చాపకూడును ప్రవేశపెట్టిన బ్రహ్మనాయుడును, అతడు కుమారునివలె చూచుకొన్న మాలకులజుడగు కన్నమదాసును అందలి మహాపాత్రలు. మాలపిల్లలో గుడితలుపు తెఱచిన దర్శకుడు తన చివరికృషిగ చాపకూటికథను వరించుట యాదృచ్ఛికమని మేము నమ్మజాలము. కాని విధి వక్రించెను. ఆ చిత్రము పూర్తికాకమునుపే 1946 వ సంవత్సరము అక్టోబరు 1 వ తేదీన, నలువదినాలుగేండ్ల ప్రాయమున రామబ్రహ్మముగారు స్వర్గస్థులైరి. బళ్లారి రాఘవగారు సైతము ఆ సంవత్సరముననే దివంగతులగుట తెలుగుకళకు రెట్టింపు నష్టము. మిగిలిన చిత్రమును ఎల్. వి. ప్రసాదుగారు పూర్తిచేయగా, అది 1947 లో విడుదలయ్యెను. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన యేడే చాపకూటికథ తెలుగువారిముందు నిలిచెను. దానిని మొదలిడినవారు మాత్రము చూడ లేకపోయిరి.

సోదర సోదరీమణులారా! కులసంఘముల మహాసభలయందు మన పూర్వుల ప్రతాపములను కొనియాడుట ఆచారము. అది తప్పు కాదు. విద్యార్థివసతిగృహములు, వేతనములు, పేదలకు వివాహసహాయములు మన సంఘమువలన జరుగుచున్నవి. అవి యట్లే వర్ధిల్లవలెను. కాని యే కులసంఘమైనను రామబ్రహ్మముగారు తమవాడని చెప్పుకొని పూలదండ వేసి యూరకుండరాదు. వారి చిత్రములు మనలను మూడు ప్రశ్న లడుగుచున్నవి. మన చాపపై నెవరికి చోటు లేదు? మన ఓటు ఎవరికి తాకట్టుపడియున్నది? మన ధనము మనలను పొగడువారికేనా, సత్యము చెప్పువారికి గూడనా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పలేని సంఘము సంఖ్యలో నెంత పెరిగినను గౌరవములో పెరుగదు.

కావున మా మనవి. రాబోవు సంవత్సరమున మన శాఖాసంఘములు తమ తమ ఊళ్లలో మాలపిల్లను, రైతుబిడ్డను, పల్నాటియుద్ధమును సంపాదించి ప్రదర్శింపవలెను. వసతిగృహవిద్యార్థులను మాత్రమే గాక, ఊరిలోని సమస్తకులములవారిని పిలువవలెను. అందఱును ఒక్కచాపపై కూర్చుండి చూడవలెను. పాతచిత్రములందలి మసకవెలుగును, గరగరధ్వనిని ఓర్చుకొనుడు. ఆ మసకలోనే మన తాతలనాటి ధైర్యము వెలుగుచున్నది. అట్టి మహనీయుని స్మృతి తెలుగువారి హృదయములందు చిరస్థాయిగ నిలుచుగాక!