ఆయనా ఇంజనీరింగే చదివారు

ఈ సంచికకి ఎవరైనా గొప్పవాళ్ల జీవితం రాయమని మన క్లబ్ వాళ్లు అడిగారు. విశ్వేశ్వరయ్య గారి గురించో, కలాం గారి గురించో రాయడానికి చాలామంది ఉంటారు. నేను మాత్రం ఇంజనీరింగ్ చదివి, ఆ ఉద్యోగం జోలికే పోని ఒకాయన గురించి రాస్తున్నాను. పేరు భక్త్ సింగ్. పంజాబీ. కానీ చివరి శ్వాస విడిచింది మన హైదరాబాద్‌లోనే, మా ఇంటికి నడిచివెళ్లేంత దూరంలో.

నేను ఉండేది బోయిగూడలో, అమ్మమ్మ వాళ్లింట్లో. ఒకవైపు టింబర్ డిపోలు, ఇంకోవైపు సికింద్రాబాద్ స్టేషన్ పదో నంబరు ప్లాట్‌ఫాం గేటు. రాత్రి వీధి సద్దుమణిగాక రైళ్ల అనౌన్స్‌మెంట్లు ఇంట్లోకి వినిపిస్తాయి. సెకండ్ ఇయర్‌లో అవన్నీ నాకు నోటికొచ్చేశాయి, ఎందుకంటే నిద్ర పట్టేది కాదు. రెండు సబ్జెక్టులు పోయాయి. ఊళ్లో ఉన్న నాన్నకి మాత్రం అన్నీ పాసయ్యానని చెప్పేశాను. ఆ తర్వాత ఫోన్ మోగితే చాలు, గుండె దడదడలాడేది. చేతులు చల్లబడేవి. తిన్నది ఒంటికి పట్టేది కాదు.

అమ్మమ్మ ఏమీ అడగలేదు. ఒక ఆదివారం తోడు రమ్మంది. ముషీరాబాద్‌లో గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గరున్న హెబ్రోనుకి తీసుకెళ్లింది. అందరూ కింద చాపల మీద కూర్చుని ప్రార్థన చేశారు. అయ్యాక అక్కడే బంతుల్లో కూర్చుని అన్నం తిన్నారు. ఎవరు డబ్బున్నవాళ్లో, ఎవరు కూలీకెళ్లేవాళ్లో నాకు తెలియలేదు. దీన్ని మొదలుపెట్టినాయన కూడా మీలాగే ఇంజనీరింగ్ చదివాడంట అని తిరిగొచ్చేటప్పుడు అమ్మమ్మ చెప్పింది. అప్పుడు ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను.

భక్త్ సింగ్ 1903లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న పంజాబ్ ప్రాంతంలోని జోయియా అనే ఊళ్లో పుట్టారు. సిక్కు కుటుంబం. చిన్నప్పుడు ఎవరో బైబిల్ ఇస్తే, లోపలి కాగితాలు చింపేసి, బాగుందని తోలు అట్ట ఒక్కటే దాచుకున్నారట. 1926లో పై చదువుకి ఇంగ్లండ్ వెళ్తానంటే ఇంట్లో భయపడ్డారు. మతం మారనని తల్లికి మాటిచ్చి ఓడెక్కారు. లండన్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. అక్కడ జుట్టు తీయించారు, సిగరెట్ పట్టారు, మద్యం అలవాటైంది. సరదాలన్నీ తీరాయి గానీ లోపల నెమ్మది మాత్రం దొరకలేదు.

1928లో కెనడాకి వెళ్తూ ఓడలో జరిగిన ఒక ఆరాధనకి ఊరికే వెళ్లి కూర్చున్నారు. అందరూ మోకరిస్తే ఆయనకి మొదట అహం అడ్డొచ్చింది, ఆ తర్వాత తనూ మోకరించారు. తర్వాతి ఏడాది డిసెంబరులో, విన్నిపెగ్‌లో వ్యవసాయ ఇంజనీరింగ్ చదువుతూ, ఒక స్నేహితుణ్ణి అడిగి బైబిల్ తీసుకున్నారు. ఒకప్పుడు చింపేసిన పుస్తకాన్నే రాత్రింబవళ్లు చదివారు. తన పాపాలు ఒప్పుకొని ప్రార్థన చేశాక, ఏ సరదాలోనూ దొరకని శాంతి మనసులోకి వచ్చిందని జీవితమంతా చెప్పుకున్నారు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నారు.

నన్ను పట్టుకున్న సంగతి దీని తర్వాత జరిగింది. 1933లో ఆయన బొంబాయిలో దిగారు. తల్లిదండ్రులు కలవడానికి వచ్చారు. నమ్మకం నీ మనసులోనే ఉంచుకో, బయటికి చెప్పకు, ఇంటికొచ్చెయ్ అన్నారు. కుటుంబ పరువు కోసం. అడిగింది ఆ ఒక్కటే. తల్లికిచ్చిన మాట తప్పినవాడు ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నాడు. సరేనంటే ఇల్లుంది, ఆస్తి ఉంది, చదువుకి తగ్గ ఉద్యోగమూ ఉంటుంది. ఆయన దాచలేనన్నారు. వాళ్లు వదిలేసి వెళ్లిపోయారు.

ఇక్కడ నేను ఫోన్ పక్కన పెట్టేశాను. ప్రార్థన చేస్తే కష్టం రాకుండా పోతుందని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఆయనకి కష్టం తప్పలేదు, ప్రార్థన తర్వాతే పెద్దది ఎదురైంది. కాకపోతే దాన్నుంచి పారిపోవాల్సిన అవసరం ఆయనకి కలగలేదు.

ఆ తర్వాత బొంబాయి వీధుల్లో, కరాచీలో బోధించారు. అవసరాలు మనుషులకి చెప్పకూడదు, దేవుడికే చెప్పాలి అని నియమం పెట్టుకున్నారు. 1941లో మద్రాసులో పని మొదలుపెట్టే ముందు, తోటివాళ్లతో పల్లావరం కొండ మీద రాత్రంతా ప్రార్థనలో గడిపారు. తర్వాత హైదరాబాద్ వచ్చారు. హెబ్రోను ఆయన ఇల్లయింది. చివరి ఏళ్లలో పార్కిన్సన్స్ జబ్బుతో మంచం పట్టారు. ఒకప్పుడు వేలమందికి వినిపించిన గొంతు మూగబోయింది. 2000 సెప్టెంబరు 17న హెబ్రోనులోనే కన్నుమూశారు. నారాయణగూడ సమాధుల తోటలో ఉన్నారు.

ఆ ఆదివారం రాత్రి అమ్మమ్మ పక్కన కూర్చుని నేనూ ప్రార్థన చేశాను. నాకు పెద్ద మాటలు రావు. పాస్ చేయించమని అడగలేదు. నాన్నకి నిజం చెప్పే ధైర్యం ఇమ్మని అడిగాను. పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేశాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం భరించడం కష్టమే. చివరికి, అన్నం తింటున్నావా అని అడిగారు.

ఆందోళన పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. కౌన్సెలర్ దగ్గరికి కూడా వెళ్తున్నాను, అమ్మమ్మే వెళ్లమంది. ఒక సబ్జెక్టు క్లియర్ అయింది, ఇంకోటి వచ్చే నెల రాయాలి. రాత్రిపూట అనౌన్స్‌మెంట్లు ఇప్పటికీ వినిపిస్తాయి. కాకపోతే ఈమధ్య ఏ రైలు ఎన్నింటికో చెప్పమంటే నాకు గుర్తుండటం లేదు.