గిటార్ వాయించడం రాని లియో ఫెండర్

బత్తాయి తోటలంటే మనకు నల్లగొండ గుర్తొస్తుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఫుల్లర్టన్ అనే ఊరు కూడా ఒకప్పుడు అట్లాంటిదే, ఎటు చూసినా నారింజ తోటలే. ఆ ప్రాంతంలో ఒక తోట రైతు ఇంట్లో 1909 ఆగస్టు 10న ఒక పిల్లాడు పుట్టాడు. పేరు క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్. ఇంత పొడుగు పేరు ఎవరు పిలుస్తారు, అందరికీ లియో. మన కాలేజీ ఫెస్ట్‌కి వచ్చే బ్యాండ్ వాళ్ళ గిటార్ తలకాయ మీద వంకర అక్షరాలతో ఒక పేరు కనిపిస్తుంది చూడండి, అది ఈయనదే.

నేను ఈయన గురించి చదవడానికి కారణం సంగీత చరిత్ర మీద ప్రేమేం కాదు. నాకొక బేస్ యుకులేలే కొనుక్కోవాలని ఉంది. అదీ తక్కువ డబ్బుల్లో. ఏది కొనాలి, దానికి ఏ తీగలు వెయ్యాలి అని వెతుకుతూ పోతే ప్రతి ప్రశ్నా తిరిగి తిరిగి 1951లో ఈయన చేసిన ఒక పని దగ్గరికే వచ్చింది. అందుకని మొదట మనిషి గురించి చెప్తాను, కొనే సంగతులు మధ్యలో వస్తాయి.

లియోకి ఎనిమిదేళ్ళప్పుడు ఎడమ కంట్లో కణితి వచ్చింది. కన్ను తీసేసి గాజు కన్ను పెట్టారు. చిన్నప్పుడు పియానో కొన్నాళ్ళు, తర్వాత శాక్సఫోన్ కొన్నాళ్ళు నేర్చుకున్నాడు, రెండూ సాగలేదు. సాగింది రేడియో. ఆయన మామ ఒకాయనకు కార్ల ఎలక్ట్రికల్ రిపేర్ షాపు ఉండేది. ఆయన ఒకసారి పనికిరాని రేడియో సామాన్లు ఒక డబ్బాలో వేసి ఈ పిల్లాడికి పంపాడు. తర్వాత లియో ఆ షాపుకి వెళ్తే అక్కడ స్పేర్ పార్టులతో మామ స్వయంగా చేసిన రేడియో ఒకటి స్పీకర్లోంచి గట్టిగా మోగుతోందట. ఆ గట్టి శబ్దం ఆయన్ని జీవితాంతం వదల్లేదు. ఇంటికొచ్చి తన తోటి స్కూలు పిల్లల రేడియోలు బాగు చేయడం మొదలుపెట్టాడు.

ఇక్కడ మన ఈసీఈ వాళ్ళకి ఒక మాట. లియో ఎలక్ట్రానిక్స్ ఏ కాలేజీలోనూ చదవలేదు. జూనియర్ కాలేజీలో చదివింది అకౌంటెన్సీ. చదువయ్యాక ఐస్ కంపెనీలో డెలివరీ పని చేసి, అక్కడే లెక్కలు రాశాడు. తర్వాత రాష్ట్ర హైవే డిపార్ట్‌మెంట్‌లో అకౌంటెంట్, తర్వాత ఒక టైర్ల కంపెనీలో లెక్కల పని. 1930ల మాంద్యం అది. ఉద్యోగం ఊడింది. 1934లో ఎస్తర్‌తో పెళ్ళి అయింది, ఇల్లు గడవాలి. 1938లో 600 డాలర్లు అప్పు చేసి ఫుల్లర్టన్‌లో రేడియో రిపేర్ షాపు పెట్టాడు. ప్లేస్‌మెంట్ రాలేదని స్టార్టప్ పెట్టే మన సీనియర్లు ఉంటారు కదా, అట్లాంటి కేసే అనుకోండి. కాకపోతే పిచ్ డెక్కులూ అవీ లేవు, ఒక బెంచి, ఒక సోల్డరింగ్ ఐరన్.

ఆ షాపుకి రేడియోలతో పాటు పాటగాళ్ళ ఆంప్లిఫయర్లు, మైకు సెట్లు రిపేరుకి వచ్చేవి. నాకు ఈయన కథలో అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇదే. ఏ పార్టు ముందు పోతుంది, ఏ వైరు దగ్గర తెగుతుంది, ఏది విప్పడానికి అరగంట పడుతుంది అన్నది ఆయనకు రోజూ చేతి కింద కనపడేది. తర్వాత ఆయన చేసిన ప్రతి వస్తువులో రిపేర్ మెకానిక్ బుర్రే కనిపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో గాజు కన్ను వల్ల సైన్యంలోకి తీసుకోలేదు. ఆ టైంలో డాక్ కాఫ్‌మన్ అనే స్నేహితుడితో కలిసి లాప్ స్టీల్ గిటార్లు చేయడం మొదలుపెట్టాడు. ఒళ్ళో పడుకోబెట్టి తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించే హవాయి గిటార్ అది. అంటే చూడండి, ఫెండర్ కథ కూడా హవాయి నుంచే మొదలైంది. యుకులేలే కూడా హవాయిదే కదా, 1879లో మదీరా దీవి నుంచి ఓడలో వచ్చిన పోర్చుగీసు కూలీలు, వడ్రంగులు తెచ్చిన చిన్న వాయిద్యం అక్కడ యుకులేలే అయింది. 1946లో కాఫ్‌మన్ అప్పులకు భయపడి తప్పుకున్నాడు. లియో భయపడ్డాడో లేదో గానీ తప్పుకోలేదు, తన పేరుతోనే కంపెనీ పెట్టాడు.

1950లో లోపల బోలు లేని, గట్టి చెక్కపలక లాంటి ఎలక్ట్రిక్ గిటార్ మార్కెట్లోకి తెచ్చాడు. దానికి బ్రాడ్‌కాస్టర్ అని పేరు పెడితే, అట్లాంటి పేరుతోనే తమ డ్రమ్స్ ఉన్నాయని గ్రెచ్ కంపెనీ అభ్యంతరం చెప్పింది. వెంటనే లేబుల్ మీద ఆ పేరు మాత్రం కత్తిరించేసి గిటార్లు అమ్మేశారు. ఆ తర్వాతే టెలికాస్టర్ అయింది. దాని నెక్‌ని జిగురుతో అంటించలేదు, నాలుగు స్క్రూలతో బిగించాడు. పాడైతే విప్పి ఇంకోటి పెట్టుకోవచ్చు. అప్పటి పెద్ద గిటార్ కంపెనీల వాళ్ళకి ఇదేదో చెక్క పడవ తెడ్డులా కనిపించింది. కానీ రాత్రంతా ఊరూరూ తిరిగి వాయించే చిన్న బ్యాండ్ల వాళ్ళకి కావలసింది అదే.

ఇప్పుడు 1951. అప్పటిదాకా బ్యాండులో లోతైన స్వరాలకు డబుల్ బేస్ వాడేవాళ్ళు. మనిషి కన్నా ఎత్తుగా ఉండే వాయిద్యం. కార్లో పట్టదు, గట్టిగా వినపడదు, మెట్లు ఉండవు కాబట్టి వేలు వెంట్రుకవాసి జరిగినా శ్రుతి తప్పుతుంది. ఎలక్ట్రిక్ గిటార్లు వచ్చి మిగతావాళ్ళ శబ్దం పెరిగేసరికి బేస్ వాయించేవాడు వేదిక మీద ఉండీ లేనట్టే. లియో గిటార్ లాగే పట్టుకునే, మెట్లు ఉన్న నాలుగు తీగల ఎలక్ట్రిక్ బేస్ చేశాడు. మెట్టు మీద వేలు పెడితే స్వరం కచ్చితంగా పలుకుతుంది కాబట్టి ప్రెసిషన్ బేస్ అని పేరు. ధర సుమారు 200 డాలర్లు. మెట్ల బేస్ అంతకుముందు ఒకరిద్దరు ప్రయత్నించారు, కానీ నిలబడింది ఇదే. మరుసటి ఏడాదే దానికి తగ్గ ఆంప్లిఫయర్ కూడా తెచ్చాడు, పేరు బేస్‌మన్.

మెట్ల విలువ మా పాలమూరు వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది పన్నెండు మెట్ల కిన్నెరకే కదా. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, మైనంతో నిలబెట్టిన మెట్లు, తీగలు. దొరికే వస్తువులతో చేసుకున్నది, ఎవరి కిన్నెర వాళ్ళే బాగుచేసుకుంటారు. లియో కనక ఈ వాయిద్యాన్ని చూసుంటే ముందు విప్పి చూసేవాడని నా నమ్మకం.

ఆ బేస్‌లో లియో తీసుకున్న రెండు నిర్ణయాలు బేస్ యుకులేలే కొనేవాళ్ళు అర్థం చేసుకోవాలి. ఒకటి తీగ పొడవు. డబుల్ బేస్ తీగ 40 అంగుళాలు దాటుతుంది, లియో 34 అంగుళాలకు దింపాడు. రెండోది తీగ లోహం. ఆయన పికప్ అయస్కాంతం చుట్టూ చుట్టిన రాగి తీగ. ఉక్కు తీగ కదిలితేనే దాంట్లో కరెంటు పుడుతుంది. పేగు తీగ వేస్తే ఏమీ వినపడదు.

బేస్ యుకులేలే ఈ రెండింటినీ తిరగేసింది. శ్రుతి అదే, ఈ, ఏ, డీ, జీ. అడుగు తీగ సెకనుకు 41 సార్లు కంపించాలి. కానీ తీగ పొడవు సుమారు 21 అంగుళాలే. ఇంటర్ ఫిజిక్స్ గుర్తు తెచ్చుకోండి. పొడవు తగ్గితే స్వరం పైకి పోతుంది, కిందికి దింపాలంటే బిగువు తగ్గించాలి లేదా తీగ బరువు పెంచాలి. బిగువు అంతే ఉంచి 34 నుంచి 21కి వస్తే తీగ బరువు, పొడవు యూనిట్‌కి, దాదాపు రెండున్నర రెట్లు పైనే కావాలి. అంత లావు ఉక్కు తీగ కడ్డీలా బిగుసుకుపోతుంది, స్వరం పలకదు. అందుకే పాలీయురేథేన్ తీగలు వచ్చాయి, రబ్బరు లాగా లావుగా, మెత్తగా, సాగుతూ ఉంటాయి. ఓవెన్ హోల్ట్ అనే తయారీదారు ఆలోచనని కాలా కంపెనీ యూ-బేస్ పేరుతో అందరికీ దొరికేలా చేసింది. అయస్కాంతం ఇక్కడ పనిచెయ్యదు. తీగ కింద బ్రిడ్జిలో పీజో పికప్ ఉంటుంది, అది నేరుగా ఒత్తిడిని కరెంటు చేస్తుంది, తీగ దేనితో చేశారన్నది దానికి అనవసరం.

దీన్ని బట్టి తక్కువ డబ్బులున్నవాడు ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలిసిపోతుంది. చెక్క మీద కాదు. అంత చిన్న డొప్పలోంచి 41 హెర్ట్జ్ ఎట్లాగూ బయటికి రాదు, హాస్టల్ గదిలో పక్క మంచం వాడికి వినపడితే గొప్ప. పైగా మన నల్లగొండ ఎండలకి సాలిడ్ చెక్క పగిలే భయం, పొరలు అంటించిన లామినేట్ నిలకడగా ఉంటుంది, చౌక కూడా. డబ్బు పెట్టాల్సింది పికప్ మీద. ప్లగ్ చేసి నాలుగు తీగలూ ఒకే బలంతో మీటి చూడండి. చౌక వాటిలో ఒక తీగ గట్టిగా, ఒకటి నీరసంగా పలకడం మామూలే. తర్వాత బిరడాలు వదులుగా తిరుగుతున్నాయా, పన్నెండో మెట్టు దగ్గర స్వరం ఖాళీ తీగకు సరిగ్గా రెట్టింపు వస్తోందా చూడాలి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ చాలు. ఆంప్ ఖర్చు కూడా మొదటే లెక్కలో వేసుకోవాలి, లేదంటే హెడ్‌ఫోన్ ఆంప్ అయినా. అది లేకుండా వాయిద్యం మాత్రం కొంటే సగమే కొన్నట్టు.

తీగల సంగతి. కొత్త పాలీయురేథేన్ తీగలు మొదటి వారం, పది రోజులు సాగుతూనే ఉంటాయి, ట్యూన్ చేసిన ప్రతిసారీ దిగిపోతుంది. పాడైందని తిరిగి పంపేయకండి. వేలికి అతుక్కుంటాయి, కొంచెం టాల్కం పౌడర్ రాసుకుంటే చాలు. ఇటలీ అక్విలా కంపెనీ థండర్‌గట్ తీగలు ఇంకో దారి. లోహం చుట్టిన తీగలు కూడా ఉన్నాయి, బేస్ గిటార్‌కి దగ్గరగా పలుకుతాయి, మెట్ల మీద వేలు చక్కగా జారుతుంది. కానీ రబ్బరు తీగలకు చేసిన వాయిద్యానికి అవి వెంటనే వెయ్యకూడదు. నట్ గాడి లావు తీగకు కోసి ఉంటుంది, సన్నటి తీగ అందులో అటూ ఇటూ ఊగి జీర వస్తుంది. అందుకే కొనేటప్పుడే ఏ తీగల దారి అన్నది తేల్చుకుంటే నయం. నా ఓటు మొదటి ఏడాది రబ్బరు తీగలకే. మాటిమాటికీ తీగలు మార్చాలన్న తొందర కూడా వద్దు. మోటౌన్ పాటల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ ఫెండర్ ప్రెసిషన్ బేస్ మీద తీగలు దాదాపు మార్చేవాడే కాదు, ఆ మొద్దు శబ్దమే ఆయన గుర్తు.

లియో దగ్గరికి వద్దాం. 1954లో స్ట్రాటోకాస్టర్, 1960లో జాజ్ బేస్. వీటిలో ఒక్కటీ ఆయన వాయించలేడు. గిటార్ ట్యూన్ చేయడం కూడా రాదు. అందుకే నమూనా చేయగానే వాయించేవాళ్ళ చేతికి ఇచ్చి, వాళ్ళు చెప్పింది విని, మళ్ళీ బెంచి దగ్గరికి పోయేవాడు. హవాయిలో పుట్టిన ఫ్రెడ్డీ టవారెస్ అనే వాద్యకారుడు 1953 నుంచి ఆయన పక్కనే పనిచేశాడు. యూజర్ టెస్టింగ్ గురించి మనకు సిలబస్‌లో ఒక యూనిట్ ఉంది, దానికన్నా ఈయన కథ నయం.

ఈలోగా ఆయనకు సైనస్‌లో ఇన్‌ఫెక్షన్ పట్టుకుంది. ఏళ్ళ తరబడి తగ్గలేదు. ఇక ఎక్కువ రోజులు ఉండనేమో అన్న బెంగతో 1965 జనవరిలో కంపెనీని సీబీఎస్‌కి 1.3 కోట్ల డాలర్లకు అమ్మేశాడు. అమ్మిన తర్వాత వేరే డాక్టర్ గట్టి మందులిస్తే జబ్బు తగ్గిపోయింది! మనిషి బతికాడు, పేరు మాత్రం ఇతరుల చేతికి పోయింది. సీబీఎస్ రోజుల్లో నాణ్యత తగ్గిందని వాయించేవాళ్ళ మాట. అమ్మకానికి ముందు చేసిన గిటార్లు ఇప్పుడు లక్షల్లో పలుకుతున్నాయి. సామాన్యులు కొనగలిగేలా స్క్రూలు బిగించి చేసిన వస్తువుకి ఈ గతి పట్టడం నాకైతే కొంచెం మింగుడు పడలేదు.

ఒప్పందం ప్రకారం పదేళ్ళు పోటీ కంపెనీ పెట్టకూడదు. గడువు తీరగానే 1975లో మ్యూజిక్ మన్ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు, మరుసటి ఏడాది స్టింగ్‌రే బేస్ వచ్చింది. దాని లోపల బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ ఉంటుంది. ఇప్పటి బేస్ యుకులేలేల పక్కన టోన్ గుండీలు, బ్యాటరీ అర చూసినప్పుడు నాకు అదే గుర్తొస్తుంది. 1979లో ఎస్తర్ చనిపోయింది. ఆ రోజుల్లోనే పాత సహచరుడు జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జీ అండ్ ఎల్ అనే కంపెనీ మొదలుపెట్టాడు, 1980లో ఫిలిస్‌ని పెళ్ళి చేసుకున్నాడు. కొత్త ఫ్యాక్టరీ ఉన్న వీధి పేరు అప్పటికే ఫెండర్ ఎవెన్యూ. తన పేరున్న వీధిలో కూర్చుని తన పేరు లేని గిటార్లు చేశాడన్నమాట.

చివరి ఏళ్ళలో పార్కిన్సన్స్ జబ్బు వచ్చింది. చేతులు వణుకుతున్నా రోజూ ఫ్యాక్టరీకి వచ్చేవాడు. 1991 మార్చి 21న, 81 ఏళ్ళ వయసులో పోయాడు. ముందు రోజు కూడా పనికి వచ్చాడు. ఆయన పనిచేసిన గదిని, బెంచి మీది పనిముట్లతో సహా, చాలా ఏళ్ళు అలాగే ఉంచేశారు.