తుఫానుకు పేరు పెట్టిన పిడింగ్టన్

ప్రత్యేక సంచిక కోసం ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం రాయవలసిందిగా కార్యదర్శి గారు కోరారు. దేశ నాయకుల గురించి రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను గాలివానల లెక్క రాసిన ఒక మనిషి గురించి రాస్తాను. అందుకు కారణం ఉంది.

మాది ఎడపల్లి. ఉద్యోగంలో కొన్నేళ్ళు ఒక కార్యాలయంలో వానమాపకం చూసి రిజిస్టరులో ఎక్కించే పని నాకు ఉండేది. వానాకాలంలో ఆ పని సాఫీగా సాగేది. చిక్కంతా ఉగాది దాటిన తర్వాతనే. మధ్యాహ్నం దాకా మాడే ఎండ, సాయంత్రానికి నల్లని మబ్బు, గాలిదుమారం, వెనుకనే రాళ్ళవాన. యాసంగి వరి గింజ రాలిపోయేది. కల్లంలో ఆరబోసిన పసుపు తడిసిపోయేది. బోధన్ వైపు దంచికొట్టిన వాన మా ఊళ్ళో చుక్క రాలేది కాదు. ఒక ఏడు అటువంటి గాలికి వేపకొమ్మ విరిగి వానమాపకం మీద పడి, నీళ్ళన్నీ ఒలికిపోయాయి. గడి ఖాళీగా వదలడానికి భయపడి అంచనాగా ఒక అంకె వేశాను. ఎవరూ అడగలేదు. రిటైరైన తర్వాత హెన్రీ పిడింగ్టన్ గురించి చదివినప్పుడు ఆ అంకె గుర్తుకు వచ్చింది.

పిడింగ్టన్ 1797లో ఇంగ్లండులోని సస్సెక్స్ ప్రాంతంలో పుట్టారు. చిన్ననాటనే సముద్రం పట్టి, సరుకు ఓడకు కెప్టెన్ అయ్యారు. తరువాత కలకత్తాలో స్థిరపడ్డారు. అక్కడ ఖనిజాల మ్యూజియం క్యూరేటరు ఉద్యోగం, నేలల పరీక్ష, మొక్కల పేర్ల పట్టిక, ఇలా చేయని పని లేదు. ఓడ ప్రమాదాలపై విచారణ జరిపే కోర్టుకు అధ్యక్షులుగా కూడా పనిచేశారు. వీటిలో ఏదీ ఆయన పేరు నిలబెట్టలేదు.

1838లో విలియం రీడ్ అనే సైనికాధికారి తుఫానుల మీద ఒక పుస్తకం ప్రచురించారు. తుఫాను గాలి సూటిగా వీచేది కాదు, ఒక నడిబొడ్డు చుట్టూ తిరుగుతూ ముందుకు కదులుతుందని దాని సారాంశం. అంతకు ముందే అమెరికాలో రెడ్‌ఫీల్డ్ అనే ఆయన, 1821 నాటి తుఫానులో ఒకచోట చెట్లు ఒక దిక్కుకు, మరోచోట ఎదురు దిక్కుకు కూలి ఉండటం గమనించి ఇదే మాట చెప్పారు. రీడ్ పుస్తకం చదివిన పిడింగ్టన్ మన బంగాళాఖాతంలో ఇది ఎంతవరకు నిజమో తేల్చాలని కూర్చున్నారు.

ఆయన పద్ధతి మన గుమాస్తాల పద్ధతే. ఉపగ్రహం లేదు, రాడార్ లేదు. రేవుకు వచ్చిన ప్రతి ఓడ లాగ్ పుస్తకం అడిగి తీసుకునేవారు. ఏ గంటకు గాలి ఎటు నుంచి వీచింది, పాదరసం ఎంత దిగింది, ఓడ ఎక్కడ ఉంది, ఇవన్నీ పటం మీద పెట్టి తుఫాను నడిచిన దారి గీసేవారు. 1839 నుంచి ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఇరవైకి పైగా వ్యాసాలు వచ్చాయి. వాటిలో ఒకటి మన తెలుగు నేలదే. 1839 నవంబరులో గోదావరి ముఖద్వారం దగ్గర కోరంగి రేవును ముంచిన తుఫాను అది. అదే కోరంగిని 1789లో మూడు సముద్రపు అలలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఊడ్చిన సంగతి కూడా ఆయన పుస్తకానికి ఎక్కింది.

నాకు బాగా నచ్చింది చార్లెస్ హెడిల్ అనే ఓడ కథ. 1845 ఫిబ్రవరిలో మారిషస్ నుంచి బయలుదేరిన ఆ ఓడ తుఫానులో చిక్కి, గాలికి వెన్ను చూపి పరుగెత్తింది. దూరం వెళ్ళిపోయామనుకున్నారు గాని, గానుగెద్దు లాగా అయిదు రోజులు ఒకే నడిబొడ్డు చుట్టూ తిరిగింది. ఆ ఓడ లాగ్ పిడింగ్టన్ చేతికి చిక్కడంతో గాలి తిరుగుతుందన్న మాటకు గట్టి రుజువు దొరికింది.

1848లో ఆయన నావికుల కోసం ఒక పుస్తకం వేశారు. దానితోపాటు కొమ్ముతో చేసిన పారదర్శకమైన రేకులు ఇచ్చారు. వాటి మీద వలయాలు, బాణాలు ఉంటాయి. పటంలో తన ఓడ ఉన్న చోట, అప్పుడు వీస్తున్న గాలికి సరిపోయే బాణం వచ్చేట్టు రేకు పెడితే నడిబొడ్డు ఎటు ఉందో తెలుస్తుంది. ఎటు తప్పుకోవాలో కెప్టెన్ తేల్చుకోవచ్చు. ఆ పుస్తకంలోనే ఈ తిరుగుడు గాలికి సైక్లోన్ అని పేరు పెట్టారు. పాము చుట్ట అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి తీసుకున్నారు.

ఇది పెద్ద తుఫానుల సంగతి. చైత్ర వైశాఖాల సుడిగాలి వేరు. 1838 ఏప్రిల్ 8న కలకత్తా శివార్లలో టోర్నడో లేచి రెండు వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. పిడింగ్టన్ తన పుస్తకంలో సుడిగాలులకు, నీటిస్తంభాలకు చోటిచ్చారు గాని, గంటలో పుట్టి గంటలో పోయేదాన్ని ఆ కొమ్ము రేకుతో పట్టడం సాధ్యం కాదు.

1853లో ఆయన గవర్నర్ జనరల్ డల్హౌసీకి ఒక లేఖ రాశారు. మాతలా నది మీద కొత్త రేవు కట్టే ఆలోచన అప్పుడు నడుస్తోంది. తుఫాను వెంట వచ్చే ఉప్పునీటి అల ఏదో ఒకనాడు ఆ రేవును ముంచుతుందని లెక్కలతో హెచ్చరించారు. దొరలు పట్టించుకోలేదు. పై అధికారికి నోట్ పెట్టి జవాబు రాక కూర్చున్నవారు మనలో ఎందరు లేరు! 1858లో ఆయన కలకత్తాలో కన్నుమూశారు. రేవు లేచింది, పోర్ట్ కానింగ్ అని పేరు పెట్టారు. 1867 నవంబరులో తుఫాను అల వచ్చి దాన్ని ముంచింది. కొన్నేళ్ళలో రేవు మూతపడింది.

ఈలోగా 1864లో కలకత్తాను, మన మచిలీపట్నాన్ని తుఫానులు ముంచిన తర్వాతగాని ప్రభుత్వం కదలలేదు. 1875లో వాతావరణ శాఖ ఏర్పడింది. ఇప్పుడు రెండు మూడు గంటల ముందు ఫలానా జిల్లాలో ఉరుములు, ఈదురుగాలి, వడగండ్లు అని హెచ్చరిక వస్తున్నది. ఏ ఊరి మీద పడుతుందో అంత ఖచ్చితంగా చెప్పడం మాత్రం నేటికీ కష్టమే.

మొన్న ఏప్రిల్‌లో మనవడు ఫోనులో అటువంటి హెచ్చరిక చూపించాడు. ఇద్దరం కలిసి పసుపు మీద టార్పాలిన్ కప్పి, అంచులకు రాళ్ళు పెట్టాము. వాన జానకంపేట వైపు పోయింది. మా కల్లంలో దుమ్ము తప్ప ఏమీ పడలేదు. అయినా తెల్లవారేదాకా టార్పాలిన్ తీయనివ్వలేదు. పొద్దున లేచి పాత అలవాటు కొద్దీ డైరీలో తేదీ వేసి, వాన గడిలో సున్న రాశాను.